చిన్నాన్న పెట్టెకి జ్వరం

మా మేనకోడలు కెజియా కిందటి వారం ఒక రేకు పెట్టెను రెండు చేతులా మోసుకొచ్చి మా భోజనాల బల్ల మీద పెట్టింది. అడగకుండా పెట్టింది, కింద గుడ్డైనా వెయ్యకుండా పెట్టింది. ఆ రెండింటి గురించీ చెప్పవలసినవి చెప్పాకే అదేమిటని అడిగాను. గిటారుకి యాంప్లిఫయరట. బెంగుళూరు ఉద్యోగాన్ని అమలాపురంలో మేడ మీద గదిలోంచి చేస్తూ, మిగిలిన వేళల్లో తనే కూర్చుని తయారు చేసిందట. అరచేతిలో ఇమిడే పరికరాలు బజారు నిండా దొరుకుతుంటే, పాతకాలం రేడియోల్లో ఉండే గాజు వాల్వుల్ని ఎక్కడెక్కడినుంచో తెప్పించుకుని మరీ చేసిందట. ఆ వాల్వుల్లోంచి వచ్చే తీగ మోతలో ఉన్న జీవం ఇంకెందులోనూ లేదట. "జీవం" అన్న మాట అదే వాడింది. నేను ఎదురు చెప్పలేదు. నా విషయంలో అది అరుదు.

"రెండు జబ్బులున్నాయత్తా దీనికి. ఊరికే మూలుగుతోంది. కాసేపటికి ఒళ్లు కాలిపోతోంది. నీకు తెలుస్తుందన్నారు డాడీ" అంది.

వాళ్ల డాడీ, అంటే మా అన్నయ్య, మా చిన్నాన్న పెట్టె సంగతి జరిగిన రోజుల్లో గుంటూరులో హాస్టల్లో ఉండేవాడు. జరిగిందేదీ కళ్లతో చూడలేదు, అయినా చూసినట్టే ఊరందరికీ చెబుతాడు. కెజియా స్విచ్చి నొక్కింది. గాజు బుడ్లలో తీగలు ముందు ఎర్రబడ్డాయి, తరవాత స్పీకర్లోంచి మూలుగు మొదలైంది. మాయరోగం రోజుల్లో దుకాణాల గుమ్మాల్లో మన నుదుటికి గురిపెట్టేవారే, అలాంటి జ్వరం చూసే తుపాకీ ఒకటి సంచీలోంచి తీసి పెట్టెకి గురిపెట్టి అంకె చదివింది. మొదటి వాల్వు దగ్గర్నుంచి ఒక్కొక్కటీ పీకి చూడమన్నాను, మూలుగు ఎక్కడ ఆగితే జబ్బు అక్కడికి ముందు ఉన్నట్టన్నాను. సాయంత్రానికి ఎండిపోయిన కండెన్సరు ఒకటి దొరికింది, మార్చుకుంది, పెట్టె మోసుకుని వెళ్లిపోయింది. బల్ల మీద గీత మిగిలింది. నా చెవుల్లో మూలుగు మిగిలింది. అది కెజియా పెట్టెది కాదు.

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఈ మాట మొదట్లోనే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇది విన్నవాళ్లలో సగం మంది నా చెయ్యి పట్టుకుని గొంతు తగ్గిస్తారు, మిగతా సగం మంది మా మామ్మకి మతి చలించిందని తేల్చేస్తారు. ఈ రెండు రకాలతోనూ నేను ఎన్నో ఏళ్లుగా దెబ్బలాడుతూనే ఉన్నాను. ఆ మూలుగుకి కారణం ఉంది, ఆ వేడికి కారణం ఉంది, ఆ పలకడానికీ కారణం ఉంది. మూడూ చెబుతాను. చెప్పాక కూడా ఒళ్లు జలదరిస్తే అది నా పూచీ కాదు.

మా ఊరు అమలాపురానికి ఆవల, కాలవ గట్టును ఆనుకుని ఉంటుంది. ఏ కాలంలో చూసినా మా పెరట్లో మట్టి తడిగానే ఉండేది. పీచు కోసం కాలవలో నానబెట్టిన కొబ్బరి డొక్కల కుళ్లు వాసన ఇంట్లో బియ్యానికి, బట్టలకి, చివరికి బైబిలు కాగితాలకి కూడా పట్టేది. ఆ వాసన మాకు తెలిసేది కాదు, చుట్టాలు వచ్చి ముక్కు ఎగబీలిస్తే గుర్తొచ్చేది. నాన్న హైస్కూల్లో ఫిజిక్స్ మాస్టారు. అమ్మ హెల్త్ సెంటర్లో నర్సు. నేను అమలాపురంలో బీఎస్సీ చదువుతూ, ఇంట్లో ఎవరు ఏమన్నా దానికి ఎదురు చెప్పడం ఒక బాధ్యతగా నెరవేరుస్తూ ఉండేదాన్ని. వీళ్లందరి మీదా అధికారి మా మామ్మ, నాన్న తల్లి. తెల్లారకముందే లేచి గోడకి ఆనుకుని ప్రార్థన చేసుకునేది, ఈనెల చీపురుతో వాకిలి చిమ్మేది, నిన్నటి అన్నంలో మజ్జిగ పోసుకుని నిలబడే తాగేది. కూర్చుని తింటే లేవబుద్ధి కాదని ఆవిడ సిద్ధాంతం.

జ్వరం చూడడం కూడా మామ్మ సొత్తే. ఇంట్లో నర్సు ఉండగా, నర్సు దగ్గర థర్మామీటరు ఉండగా, ఎవరికి ఒళ్లు వెచ్చబడినా మామ్మ చూసి చెప్పేదాకా అది జ్వరం కాదు. చెయ్యి తిరగేసి వేళ్ల వెనకవైపుతో ముందు నుదురు, తరవాత మెడ పక్క, చివరికి అరికాళ్లు చూసేది. నుదురు మొహమాటపడి అబద్ధమాడినా అరికాలు మాత్రం అబద్ధమాడదనేది. తరవాత గిన్నెలో నీళ్లు, నాలుగు మడతల పాత పంచె ముక్క, పక్కన చిన్న పీట. జ్వరం దిగేదాకా ఆ పీట మీంచి లేచేది కాదు. అమ్మ మాత్ర వేస్తే వెయ్యనిచ్చేది గాని, తగ్గిన తరవాత ఆ గొప్పతనం తడిగుడ్డకే పోయేది.

చిన్నాన్న పేరు ఆనందరావు. నాన్నకి తమ్ముడు, మామ్మకి ఆఖరివాడు, పెళ్లి కాలేదు. అమలాపురంలో ఒక రేడియో రిపేరు కొట్లో పనిచేసేవాడు, ఆదివారం చర్చిలో గిటారు వాయించేవాడు. మా చర్చి పాటబృందం గొంతులు మీరు వినలేదు గాబట్టి మీకు తెలియదు, ఆ గొంతుల కింద గిటారు ఉన్నా లేనట్టే. అందుకని వాల్వులతో యాంప్లిఫయరు కట్టడం మొదలుపెట్టాడు. వాల్వులు కొనవలసిన పని ఉండేది కాదు. మా చుట్టుపక్కల ఊళ్లలో పెద్దవాళ్లు ఎవరైనా పోతే, వాళ్ల పాత రేడియోని ఇంట్లో ఉంచుకోవడానికి ఎవరూ ఇష్టపడేవారు కాదు. మనిషి పోయాక కూడా పొద్దున్నే ఆయన వినే వేళకి చెయ్యి దాని మీదకే పోతుందని ఒక పెద్దావిడ చెబితే విన్నాను. ఆ రేడియోలు గోనె సంచుల్లో మా ఇంటికి వచ్చేవి. చిన్నాన్న వాటి కడుపులు విప్పి వాల్వులు తీసి పాత బనీను ముక్కల్లో చుట్టి దాచేవాడు. ఏది ఎవరిదో నోటికి చెప్పేవాడు. ఇది మునసబుగారిది, ఇది దొడ్డమ్మగారింట్లోది, ఇది పోస్టుమాస్టారిది. టంకం పొగలో కళ్లు చికిలించుకుని, మునసబుగారి వాల్వుకి ఇంకా ధాన్యం ధరలు వినాలని ఉన్నట్టుందే అని నవ్వేవాడు. అల్యూమినియం రేకు వంచి బోర్లించిన పళ్లెంలా చేసి, దాని నెత్తి మీద వాల్వులూ ట్రాన్స్‌ఫార్మరూ నిలబెట్టాడు. పైన మూత చెయ్యలేదు. అది తరవాతి పని అనుకున్నాడు.

మూత కన్నా చిన్నాన్నకి జ్వరం ముందు వచ్చింది. మధ్యాహ్నం అయ్యేసరికి పెరిగేది, పొద్దువాలితే కాస్త దిగేది. మామ్మ పీట వేసుకుని కూర్చుంది. ఈసారి తడిగుడ్డ మాట వినలేదు. కాకినాడ తీసుకెళ్లాలని అమ్మ పట్టుబట్టింది. ఎదుర్లంక దగ్గర వంతెన లేని రోజులవి, గౌతమి పాయ దాటాలంటే పంటు, అంటే బల్లకట్టు, ఎక్కాలి. నాన్న చిన్నాన్నని తీసుకుని దాటాడు. బట్టలు సర్దుకుని మర్నాడు బయల్దేరిన మామ్మ రేవుకి వెళ్లేసరికి నది పొంగింది, పంటు ఆపేశారు. రేవులో కూర్చుంది. ఇంటికి రమ్మంటే రాలేదు, నీళ్ల వైపు చూస్తూ అక్కడే టీ పాకలో ఉండిపోయింది. వరద తీసి పంటు కదిలేసరికి అవతలి గట్టు నుంచి మొదటి విడత వచ్చినవాటిలో చిన్నాన్న ఉన్న పెట్టె ఉంది, మేకులు కొట్టేసి ఉంది. స్నానం చేయించడం, బట్టలు వెయ్యడం అన్నీ కాకినాడలోనే అయిపోయాయి, ఆలస్యమైందని తెరవనివ్వలేదు. మామ్మ ఆ చెక్క మీద చెయ్యి తిరగేసి పెట్టి చూసింది. ఏడవలేదు. సమాధి దగ్గర కూడా ఏడవలేదు. అందరూ ఎంత గుండె నిబ్బరమో అన్నారు. నాకు మాత్రం ఆవిడ ఇంకా రేవులోనే కూర్చున్నట్టు అనిపించేది.

నాన్న దుఃఖపడే పద్ధతి వేరు. బడినుంచి వచ్చి చిన్నాన్న గదిలో కూర్చుని, మిగిలిపోయిన తీగలు అతికించడం మొదలుపెట్టాడు. ఒక సాయంత్రం ఆఖరి తీగ అతికించి స్విచ్చి వేశాడు. నేను గుమ్మంలో ఉన్నాను. చనిపోయినవాళ్ల వాల్వులన్నీ ఒకదాని తరవాత ఒకటి ఎర్రబడ్డాయి. కాసేపు ఏమీ లేదు. తరవాత స్పీకర్లోంచి సన్నగా, లోగొంతుతో, దుప్పటి కింద మనిషి మూలిగినట్టు మొదలైంది. వోల్టేజి పడినప్పుడు తగ్గి, లేచినప్పుడు పెరిగి, ఊపిరి తీసినట్టే ఉంది. నాన్న వైపు చూశాను, నాన్న నా వైపు చూడలేదు. అప్పుడు పెరట్లోంచి మామ్మ తడి చేతులతో వచ్చింది. ఎవరు మూలిగేరని అడిగింది. ఎవరూ కాదు, కండెన్సరు అన్నాడు నాన్న. మామ్మ పెట్టె దాకా వెళ్లి ట్రాన్స్‌ఫార్మరు మీద చెయ్యి తిరగేసి పెట్టి, తీసి, మళ్లీ పెరట్లోకి వెళ్లిపోయింది.

ఆ తరవాతి వారంలో ఒక మధ్యాహ్నం కాలేజీలో క్లాసు లేక తొందరగా ఇంటికి వచ్చాను. నాన్న బళ్లో, అమ్మ డ్యూటీలో ఉన్నారు. చిన్నాన్న గది తలుపు ఓరగా వేసి ఉంది. లోపల మూలుగు వినిపిస్తోంది. పక్కనే పీట, పీట మీద మామ్మ, గిన్నెలో నీళ్లు, మూత పెట్టిన గ్లాసుతో గంజి. ఎర్రగా మండుతున్న వాల్వుల మధ్య ట్రాన్స్‌ఫార్మరు మీద నాలుగు మడతల తడిగుడ్డ ఉంది, దాంట్లోంచి సన్నగా ఆవిరి లేస్తోంది. ఆ గుడ్డ అంచు నీళ్లోడుతూ వేలాడుతున్న చోటికి జానెడు దూరంలో ఎంత కరెంటు ఉందో నాకు తెలుసు. మనిషిని పట్టుకుంటే వదలనంత ఉంది. అరవడానికి నోరు తెరిచాను. మామ్మ వేలు పెదవుల మీద పెట్టి, మామూలు గొంతుతో, "మెల్లిగానే. ఇప్పుడే కునుకు పట్టింది వాడికి" అంది.

నేను గోడ దాకా వెళ్లి ప్లగ్గు పీకేశాను. మూలుగు వెంటనే ఆగలేదు, దిగుతూ దిగుతూ పోయింది. కండెన్సర్లలో నిలవున్న కరెంటు అయిపోయేదాకా అంతే. మామ్మ నన్ను తిట్టలేదు. నా మొహం చూసి, నేను పిలిస్తే వాడు పలుకుతున్నాడే అంది. ఎలా పలుకుతాడని నేను రెట్టించాను. ప్లగ్గు పెట్టి చూడు అంది. పెట్టకుండా ఉండవలసింది అని మీరంటారు, నేను మాత్రం ఎప్పుడైనా వాదన మధ్యలో వదిలేశానా. గుడ్డ తీసి దూరంగా పడేసి, మామ్మని వెనక్కి జరిపి, ప్లగ్గు పెట్టాను. వేడెక్కింది. "ఆనందూ" అని పిలిచింది మామ్మ, చిన్నాన్నని నిద్ర లేపేటప్పుడు పిలిచే గొంతుతో. పెట్టెలోంచి ఊఁ అని వచ్చింది, గంట మోగి ఆగాక మిగిలే నాదంలాగ. నేను మొండికెత్తి, ఉత్తదే అని నిరూపించడానికి, "ఎస్తేరూ" అని నా పేరే పిలిచాను. దానికీ ఊఁ అంది. అది నాకు నచ్చలేదు.

ఆ రాద్ధాంతం ఇంట్లో చాలా రోజులు నడిచింది. నేను దాన్ని కాలవలో పడెయ్యమన్నాను. అమ్మ పాస్టరుగారిని పిలిపించింది. ఆయన వచ్చి పెట్టె ముందు మోకరించి భక్తిగా ప్రార్థన చేసి, లేచాక, ఇది క్రిస్మస్‌కి సిద్ధమవుతుందా మాస్టారూ అని అడిగి కాఫీ తాగి వెళ్లారు. నాన్న ఫ్యూజు తీసి జేబులో వేసుకుని బడికి పోవడం మొదలుపెట్టాడు. అప్పుడు మామ్మ అన్నం మానేసింది. అలగలేదు, సాధించలేదు. చల్లటి పెట్టె పక్కన పీట మీద కూర్చుని, పంటు ఎప్పుడు కదులుతుందో అడిగినట్టు, ఫ్యూజు ఎప్పుడు పెడతావురా అని అడిగేది. మనిషి చూస్తుండగానే సగమైపోయింది. అమ్మ ఒకరోజు ఆవిడ నాడి చూసి బయటికి వచ్చి నాన్నతో, ఇలా అయితే ఇంకొకరిని కూడా పంపించేస్తామండీ అంది. ఫ్యూజు పెడితే కరెంటు కాటేస్తుంది, తీస్తే ఆకలి తింటుంది. మా మామ్మ ప్రాణం ఆ సీసపు తీగ ముక్క మీద వేలాడుతోందని నాన్నకి అప్పుడు అర్థమైంది.

నాన్న వెళ్లి పీట పక్కన నేల మీద కూర్చున్నాడు. రోగం ఉంటే వైద్యం చేద్దామమ్మా, నేను చేస్తాను, నువ్వు మాత్రం ముట్టుకోకూడదు అన్నాడు. మూలుగు, వేడి తగ్గిపోతే ఆవిడే పీట మీంచి లేచిపోతుందని ఆయన లెక్క. నాకు ఒళ్లు మండిపోయింది. చర్చి పెద్ద, సైన్సు మాస్టారు, రేకు పెట్టెకి రోగమంటాడా అని దెబ్బలాడాను. ఇప్పటికీ అది తప్పనే అంటాను. మామ్మ ఆలోచించి, "నేను దగ్గర ఉంటాను. నన్ను బయట కూచోమనకూడదు మరి" అంది. "ఆయ్, ఉండమ్మా" అన్నాడు నాన్న.

ఆదివారం ఆరాధన అయ్యాక మొదలుపెట్టాం. బయట వాన. నాన్న ఎండిన పీట ఎక్కి నిలబడ్డాడు. ఎడమ చెయ్యి వెనక్కి తీసి మొలలో పంచె మడతలోకి దోపుకున్నాడు. బతికున్న పెట్టెలో రెండో చెయ్యి పెడితే కరెంటు గుండెలోంచి దారి చేసుకుంటుందని వాల్వుల పనివాళ్లందరూ పాటించే పద్ధతి అది. కుడి చేతిలో చీపురులోంచి లాగిన కొబ్బరి ఈనె ఉంది. ఎండిన ఈనె కరెంటు పట్టదు, గాజుని పగలగొట్టదు. దాంతో ఒక్కొక్క వాల్వు నెత్తి మీదా తట్టుకుంటూ వచ్చాడు. మునసబుగారిది ఏమీ అనలేదు. దొడ్డమ్మగారిది ఏమీ అనలేదు. పోస్టుమాస్టారి వాల్వు మీద తట్టగానే స్పీకర్లో గంట మోగినట్టు ఊఁ అని సాగింది. లోపలి తీగ వదులైపోయి, గదిలో ఏ చప్పుడైనా దానికి తగిలి వణికి, ఆ వణుకే పాటై బయటికి వస్తోంది. ఇదేనే నీ ఊఁ అన్నాను మామ్మతో, గెలిచినట్టు. మామ్మ ఆ వాల్వు వైపు చూసి తల ఊపింది. గొంతు అక్కడుందన్న మాట అంది.

ఆ వాల్వు పీకి పక్కన పెట్టాడు. మూలుగు ఆగలేదు. తరవాతిది పీకాడు, ఆ తరవాతిది పీకాడు, మూలుగు తగ్గింది గాని ఆగలేదు. చివరికి ప్లగ్గు తీసి, స్పీకరు తీగలు ఊడబీకి, మళ్లీ ప్లగ్గు పెట్టాడు. స్పీకరు లేదు. వాల్వులన్నీ బనీను ముక్కల మీద వరసగా పడుకుని ఉన్నాయి. అయినా ఆ రేకు లోంచి సన్నగా మూలుగుతోంది. నాన్న చేతిలో ఈనె కదలడం మానేసింది. నాకు తెలిసిన ఫిజిక్స్ అంతా ఒక్క నిమిషం నన్ను వదిలేసి వానలోకి వెళ్లిపోయింది. వాడికి మీ సామాను అక్కర్లేదురా అంది మామ్మ, మెల్లిగా.

నాన్న తేరుకుని ఈనె ఒక చివర ట్రాన్స్‌ఫార్మరు మీద, ఒక చివర చెవి మీద పెట్టుకుని విన్నాడు. ఇనుప రేకుల దొంతర వదులైపోయి తనంతట తనే వణుకుతోంది. ప్లగ్గు తీసి బోల్టులు బిగించాడు, అంచులకి వార్నిషు పట్టించాడు. స్పీకర్లోంచి వచ్చే మూలుగు ఎండిన కండెన్సరుది, అది మార్చాడు. వేడి మాత్రం ఆయనకి చిక్కలేదు. ట్రాన్స్‌ఫార్మరు లోపల చుట్టు కాలిందంటాడు. కాదని నేను వాదించాను. మొదట బాగానే ఉండి గంట గడిచాక ఎందుకు మండుతోంది, మధ్యాహ్నాలే ఎందుకు ఎక్కువ? మధ్యాహ్నం ఊళ్లో వాడకం తక్కువ, వోల్టేజి లేచి ఉంటుంది, అది ఒకటి. రెండోది, పెద్ద వాల్వుకి ముందున్న మైనపు కాగితం కండెన్సరు మన తేమకి చెమ్మపట్టి కారుతోంది, వేడెక్కేకొద్దీ ఇంకా కారుతుంది, దాంతో ఆ వాల్వు తాగకూడనంత కరెంటు తాగి ట్రాన్స్‌ఫార్మరుని కాలుస్తోంది. బడి లాబునుంచి తెచ్చిన మీటరు పెట్టి చూస్తే నేనన్నదే నిజమైంది. ఇది కనిపెట్టింది నేను. తరవాత నాన్న ఎంతమందికి చెప్పినా "మేము కనిపెట్టాం" అనే చెప్పాడు.

అన్నీ మార్చి, గొంతున్న వాల్వు బదులు ఇంకొకటి పెట్టి, స్విచ్చి వేశాం. ఎర్రటి వెలుగు వచ్చింది. మూలుగు లేదు. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. గంట దాటే దాకా కూర్చున్నాం. ట్రాన్స్‌ఫార్మరు అప్పుడే పెట్టిన కోడిగుడ్డంత వెచ్చగా ఉంది, అంతే. నాన్న మొహంలో చిన్నాన్న పోయాక మొదటిసారి వెలుగు చూశాను.

ఇప్పుడు కెజియా గురిపెట్టి చదివే అంకె మామ్మ చేతికన్నా ఖచ్చితమైనదే, కాదనను. అలాంటి తుపాకులు పట్టుకుని గుమ్మాల్లో నిలబడ్డ రోజుల్లో మన చుట్టూ ఎన్ని ఇళ్లకి మూసేసిన పెట్టెలు, మూటలు వచ్చాయో, ఎంతమంది నుదుటి మీద చెయ్యి పెట్టకుండానే వదిలేసుకున్నారో మీకూ తెలుసు. అందరం ఫోనుల్లో మొహాలు చూసుకుని, జరగవలసింది జరిగింది అనుకుని, పనుల్లో పడ్డాం. మా వీధిలో ఒకాయన, అప్పుడు పోయిన భార్య మంచం పక్కన ఇప్పటికీ రాత్రిపూట ఫ్యాను వేసి ఉంచుతాడు, ఆవిడకి ఉక్కపోతట. కరెంటు వృథా అని నేను ఒకసారి కూడా అనలేదు. నోటి దురుసు మనిషిని, ఎక్కడ మూసుకోవాలో ఆ ఆదివారమే నేర్చుకున్నాను.

మామ్మ లేచి వచ్చింది. ముట్టుకోవద్దని నాన్న అనబోయి ఆగాడు, పక్కనే నిలబడి ఆవిడ చెయ్యి తనే పట్టుకుని, ఎక్కడ ఫరవాలేదో అక్కడే తాకించాడు. ట్రాన్స్‌ఫార్మరు నెత్తి. రేకు పక్క. చివరికి వంగి, పెట్టె కింద ఉన్న రబ్బరు కాళ్లు. వాటి మీద చెయ్యి చాలాసేపు ఉంచింది. "ఆనందూ" అని పిలిచింది. ఏమీ రాలేదు. మళ్లీ పిలవలేదు.

"అరికాళ్లు చల్లబడిపోయేయిరా" అంది.

బాగైపోయిందమ్మా, జ్వరం తగ్గిపోయింది అన్నాడు నాన్న. నాకు తెలీదేంట్రా తగ్గడానికీ దీనికీ తేడా అంది. నేను ఊరుకోలేక చిన్నాన్న గిటారు తెచ్చి తీగ పెట్టెకి తగిలించి మీటాను. స్వరం గది నిండా తేటగా, గుండ్రంగా, ఎక్కడా మరక లేకుండా లేచింది. చూడు మామ్మా, చిన్నాన్న కోరుకున్నది ఇదే కదా అన్నాను. మామ్మ నా వైపు జాలిగా చూసింది.

"అది ఎవరు వాయించినా పలుకుద్దే అమ్మా" అంది. తరవాత నాన్నతో, "ఆరోజు నన్ను రానిచ్చేరు కాదు. ఇవాళ దగ్గరే ఉన్నాను. ఇంక తీసెయ్యి నాన్నా, బాధపెట్టకు."

నాన్న గోడ దాకా వెళ్లడానికి చాలాసేపు పట్టింది. ప్లగ్గు తీశాడు. అలవాటు ప్రకారం స్క్రూడ్రైవరు కొనతో కండెన్సరు కాళ్లు కలిపి, మిగిలిన కరెంటుని టప్పుమని చంపాడు. వాల్వుల్లో ఎరుపు ముదిరి, గోధుమై, పోయింది. మామ్మ గిన్నె తెమ్మంది. ఇది విగ్రహారాధన కాదా అని నేను నాన్న చెవిలో గొణిగాను. ప్లగ్గు తీసేశానుగా అమ్మా, ఫరవాలేదు అన్నాడు ఆయన, నేనడిగింది దాని గురించే అయినట్టు. గిన్నెతో నీళ్లు ఆయనే తెచ్చాడు. మామ్మ గుడ్డ ముంచి, పిండి, రేకు పక్కలు తుడిచింది, కాళ్లు తుడిచింది, ట్రాన్స్‌ఫార్మరు ముందూ వెనకా తుడిచింది. గాజు వైపు రాగానే నాన్న ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. ఇంకా వేడిగా ఉందమ్మా, తడి తగిలితే పగులుద్ది అన్నాడు.

అప్పుడు మాకు వినిపించింది. గాజూ ఇనుమూ చల్లారుతూ చేసే చప్పుడు, టిక్కు, టిక్కు అని. ఏ వాల్వు పెట్టె ఆపినా వచ్చేదే. మామ్మ గుడ్డ గిన్నెలో పెట్టేసి, పీట దగ్గరికి లాక్కుని, ఇంకా ఉన్నాడు అంది. చెవి అటు ఒగ్గి కూర్చుంది. నాన్న ఒక పక్క నేల మీద కూర్చున్నాడు. నేను కూర్చోకూడదనుకున్నాను, కూర్చున్నాను. మొదట ఒకదాని మీద ఒకటి వచ్చిన చప్పుళ్లు రానురాను ఎడమెడంగా రాసాగాయి. ఒకటి వచ్చాక ఇంకొకటి వస్తుందో రాదో అని ముగ్గురం ఊపిరి బిగబట్టి వింటున్నాం. వాన కూడా సన్నగిల్లింది. చివరిది ఏదో నాన్నకి గాని నాకు గాని తెలియలేదు, మేము ఇంకొక దాని కోసం చూస్తూనే ఉన్నాం. మామ్మకి తెలిసింది. కొంగు నోట్లో కుక్కుకుని, వంగి, గుడ్డ తడిపింది.